ఉండకూడదని రాయాలి

సెబూ,
విభూతి బుధవారం మర్నాడు

ప్రియమైన టెస్సింగ్ అక్కకు,

ముందు ఒక మాట చెప్పేసి, కుశలం తర్వాత అడుగుతాను. నాకు శవపేటిక అమ్మాలని ఒకడు ఫోన్ చేశాడు.

మఠంలో నీకు పెట్టిన పేరు సిస్టర్ పెర్పెచువా అని మరిచిపోలేదు. కవరు మీద అదే రాశాను. లోపల మాత్రం నువ్వు నాకు టెస్సింగ్ అక్కవే. తపస్సు కాలంలో మీకు ఉత్తరాలు ఇవ్వరనీ, ఈస్టర్ దాకా ఇది మదర్ గారి బల్ల సొరుగులోనే పడి ఉంటుందనీ తెలుసు. తెలిసే రాస్తున్నాను. ఇప్పుడే చదివి నువ్వు బెంబేలు పడటం నాకిష్టం లేదు. అలాగని అన్నీ మింగి కూర్చోవడం నావల్ల కావడం లేదు. నిన్న చర్చిలో నుదుటి మీద బూడిద రాస్తూ, మనిషి మట్టేనని ఫాదర్ గుర్తు చేస్తుంటే నవ్వొచ్చింది. ఆ సంగతి నాకు ముందే ఫోన్‌లో చెప్పారు ఫాదర్ అందామనుకున్నాను.

ఎడమ రొమ్ములో చిన్న గడ్డ కనిపించిందక్కా. ఎవరికీ చెప్పలేదు. మన ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుంటే, ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే, ఆఫీసు ఎదురుగా బండి దగ్గర నిలబడి, కొబ్బరాకు పొట్లంలో ఉడికిన పూసో అన్నం విప్పుకుంటున్నాను. ఫోన్ మోగింది.

"గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడమ్, మెర్లిండా కబాహుగ్ గారేనాండీ? నా పేరు ఆర్నెల్. ఇలాంటి కష్ట సమయంలో మీ ఇంట్లోవాళ్ల మీద భారం పడకూడదని మేమొక మంచి ప్లాన్ తెచ్చామండీ."

"ఏం కష్టం?"

"అదేనండీ... మీ రిపోర్టు వచ్చింది కదా మేడమ్."

"రాలేదే."

అతని వెనక ఇంకా చాలా గొంతులు ఇదే పాట పాడుతున్నాయి. ఇదే కష్టం, ఇదే భారం, ఇదే మంచి ప్లాన్.

"అయ్యో, సారీ మేడమ్. అయితే రేపు వస్తుందేమోలెండి. మీరేం కంగారు పడకండి. ఇందులో పెట్టె, పూలు, జాగారానికి వచ్చినవాళ్లకి కాఫీ, బిస్కెట్లు, అన్నీ కలిపే ఉంటాయండీ. నెలనెలా కొద్దికొద్దిగా కట్టుకోవచ్చు."

మర్నాడు డాక్టరమ్మ గొంతు తగ్గించి "కూర్చో మెర్లిండా" అంది. "తెలుసు డాక్టర్. పెట్టెలమ్మేవాడు చెప్పాడు" అన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి నా వంకే చూసింది. "నీ రిపోర్టు నేను ఇవాళ పొద్దునే తెరిచాను. ఇంకో మనిషికి చెప్పలేదు" అంది. ఆవిడ అబద్ధమాడటం లేదు. నాకు క్యాన్సరని నాకంటే ముందు, నా డాక్టరు కంటే ముందు, ఆర్నెల్‌కి తెలిసింది. ముందు మందులు ఎక్కించి, ఈస్టర్ అయ్యాక ఆపరేషన్ చేస్తారట. ఆ ముక్క వినగానే భయం వేయాలి కదా. నాకు వేసింది అసహ్యం. నా ఒంట్లో ఏముందో నాకు తెలియకముందే ఎవడో దాన్ని తూకం వేసి బేరం పెట్టాడన్న అసహ్యం.

నా ఉద్యోగమేమిటని నువ్వు ప్రతిసారీ అడుగుతావు. నేను ప్రతిసారీ 'కంప్యూటర్లు' అని తప్పించుకుంటాను. ఈసారి చెప్పాలి, లేకపోతే ఈ రోత నీకు అర్థం కాదు. ఈ దీవుల్లోని ప్రైవేటు ఆసుపత్రుల రోగుల వివరాలన్నీ సర్వర్లనే పెద్ద కంప్యూటర్లలో ఉంటాయి. వాటిని చూసుకునేది మా కంపెనీ. ఇదివరకు ఒక కొత్త ప్రోగ్రాం పెట్టాలంటే పడవెక్కి ఓర్మోక్‌కో తగ్బిలారన్‌కో పోయి, చలిగదిలో కూర్చుని చేత్తో పెట్టి వచ్చేవాళ్లం. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా తయారయ్యేది. ఇప్పుడలా కాదు. ఏ సర్వర్‌లో ఏమేం ఉండాలో ఒక్కచోట రాసిపెడతాం. మీ మదర్ గారు గదులన్నీ తిరిగి, ప్రతి గదిలో మంచం, సిలువ, దుప్పటి ఉన్నాయా అని చూసి, లేనిచోట పెట్టించి వెళ్తారు కదా. అలాగే మేం రాసింది పట్టుకుని ఒక టూల్ ప్రతి సర్వర్‌కీ వెళ్తుంది. ఉన్నవాటి జోలికి పోదు, లేనివి పెడుతుంది. ఆ రాతంతా మొదటినుంచీ రాసింది నేనే అక్కా. నాకు పిల్లల్లేరు, చెప్పుకోడానికి ఉన్నది అదొక్కటే.

ఆసుపత్రి నుంచి వచ్చి నేరుగా ఆ ఆసుపత్రి సర్వర్ తెరిచాను. అందులో నేను పెట్టనిది ఒకటుంది. పేరు 'ప్రింటర్ సహాయకం'. ఆ ఆసుపత్రిలో ప్రింటరు పాడై ఏడాదవుతోంది! విప్పి చూస్తే, అది కొత్తగా వచ్చిన పరీక్షల ఫలితాల్లో చెడ్డమాట కనిపించినప్పుడల్లా, ఆ మనిషి పేరు, వయసు, ఫోన్ నంబరు ఏరి, పెట్టెల కంపెనీకి పంపుతోంది. ఒక్క ఆసుపత్రిలో కాదు, అన్నింట్లోనూ. మేం రాసిపెట్టే ఆ రాతలోనే, నా వరసల మధ్య ఇరికించి ఉంది. మా దగ్గర ఎవరు ఏం మార్చినా ఇంకొకరు చూసి సరే అనాలి. ఈ వరసలు రాసిందీ, చూసి సరే అన్నదీ ఒకే మనిషి. మా చీఫ్, ఫిలెమోన్ సర్. ఎవర్నో నియమించుకుని ఊరూరా తిరిగి దొంగతనంగా పెట్టుకోవాల్సిన పని కూడా లేకుండా, నేను వేసిన దారే వాడుకున్నాడు. ఆఫీసు బాత్రూమ్‌లోకి వెళ్లి వాంతి చేసుకున్నాను. అది జబ్బు వల్ల వచ్చింది కాదు.

రేపు ఆయన గదిలోకి వెళ్లి అడుగుతాను. అడిగి, రాజీనామా ఇచ్చేస్తాను. ఉద్యోగం పోతే, వైద్యం ఖర్చులకి కంపెనీ ఇచ్చిన ఆసుపత్రి కార్డు కూడా పోతుంది, తెలుసు. అయినా ఆ కంపులో కూర్చుని వైద్యం చేయించుకోలేను. నిశ్చయించుకున్నాను.

మీకు గుడ్లు బాగా వస్తున్నాయా? పెళ్లిరోజు వాన పడకుండా ప్రార్థించమని జనం ఇంకా బుట్టలు బుట్టలు తెచ్చి ఇస్తున్నారా? ఈ నెలల్లో ఎలాగూ చుక్క రాలదు, పేరు మాత్రం మీకు. తిని తిని మొహం మొత్తిందని క్రితంసారి రాశావు. నాకోసం ఒక గుడ్డు ఎక్కువ తిను.

ఈస్టర్ దాకా ఆగి చదివే నీకు,
నీ మెర్లీ

•

సెబూ,
తపస్సు కాలం మూడో వారం, శనివారం

అక్కా,

మొదటి ఉత్తరం చదివి ఏడుస్తూ ఉంటే, లేచి ముఖం కడుక్కుని రా. ఈ ఉత్తరంలో నేను ఏడవలేదు. మా ఫిలెమోన్ సర్ ఏడ్చాడు.

రాజీనామా సంచిలో పెట్టుకునే వెళ్లాను. ఒక పేషెంటుకి డాక్టరు కంటే ముందు పెట్టెలవాళ్లు ఫోన్ చేశారని, 'ప్రింటర్ సహాయకం' సంగతి నాకు తెలిసిపోయిందని చెప్పాను. ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టి, ఏదో కరెంటు పోయిందని చెప్పినట్టుగా విన్నాడు.

"ఎవరా పేషెంటు? ఎక్కడైనా ఫిర్యాదు చేశారా? నేను మాట్లాడతాలే. ఒక పళ్లబుట్ట పంపిద్దాం."

"నేనే సర్."

అప్పుడు లేచాడు. బల్ల చుట్టూ తిరిగొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని భోరుమన్నాడు. "నాకు తెలీదు మెర్లీ! పైవాళ్లు మార్కెటింగ్ అన్నారు, పెట్టమన్నారు, పెట్టా. అది ఇలా చేస్తుందని నాకేం తెలుసు? బాలయేసు సాంటో నీన్యో మీద ఒట్టు. నువ్వు నా చెల్లెల్లాంటిదానివి. నువ్వు రాజీనామా ఏంటి? జీతంతో సెలవు తీసుకో, మందులు ఎక్కించుకో. ఆ దరిద్రాన్ని నా చేత్తో నేనే తీసేస్తా, అందరి ముందూ తీసేస్తా" అన్నాడు. ముక్కు చీది ఆ రుమాలు నా చేతికే ఇచ్చాడు. నేను నమ్మాను. అంతటి మనిషి అలా ఏడిస్తే నమ్మబుద్ధేస్తుంది. రాజీనామా సంచిలోనే ఉండిపోయింది.

అన్నట్టే అందరి ముందూ తీశాడు. పెద్ద గదిలో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, గోడ మీద తెర వేసి, ఆ వరసలు చూపించి, ఒక్కొక్కటే తుడిచేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఫాదర్‌ని పిలిపించి, సర్వర్ల గదిలో పవిత్ర జలం చల్లించాడు. నీళ్లు పడి ఏది కాలిపోతుందోనని మావాళ్లు ముందుగానే అన్నిటికీ ప్లాస్టిక్ కప్పారు. దీవెనంతా ప్లాస్టిక్ మీదే పడింది. ఆ తర్వాత నిలువునా కాల్చిన పంది. నిజానికి ఇది శుక్రవారం అనుకున్నారు. తపస్సు కాలంలో శుక్రవారం మాంసం తింటే పాపమని ఆయనే గురువారానికి మార్పించాడు. రోగుల పేర్లు అమ్ముకోవడానికి మాత్రం వారం వర్జ్యం లేదు కాబోలు.

విందులో ఆయన పక్కనే కూర్చోబెట్టారు. ఊరికే, ఆఫీసు పనిమాట అడిగినట్టు అడిగాను.

"సర్, ఉండకూడదని రాశారా?"

"ఏంటి?"

"వరసలు తుడిచేశారు బాగానే ఉంది. ఆ ప్రోగ్రాం ఉండకూడదని విడిగా రాశారా?"

ఆయన పంది తోలు పటపటా విరుస్తున్నాడు. తల ఎత్తలేదు. "అందరూ చూశారుగా మెర్లీ, తీసేశా. మళ్లీ ఎందుకా గొడవ? తిను. నీకిప్పుడు బలం కావాలి" అని ఆ తోలు ముక్క నా కంచంలో వేశాడు.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. మదర్ గారు చూడాల్సినవాటిలో కుర్చీ కూడా ఉందనుకో. ఎవరో కుర్చీ మాట కొట్టేశారు. అప్పుడేమవుతుంది? మదర్ గారు ఆ రోజునుంచి కుర్చీ ఉందా లేదా అని చూడటం మానేస్తారు. అంతే. కుర్చీలు ఏ గదిలోవి ఆ గదిలోనే ఉంటాయి. అవి పోవాలంటే 'ఏ గదిలోనూ కుర్చీ ఉండకూడదు' అని రాయాలి. అప్పుడు గాని ఆవిడ తిరిగి ఒక్కొక్కటీ బయటపెట్టించరు. మా టూల్ కూడా అంతే. మరి ఇది తెలియని అమాయకుడా ఆయన? కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజు ఆయన చెప్పే పాఠమే ఇది! నాకూ ఆయనే చెప్పాడు. అంటే ఏడుస్తున్నప్పుడే లెక్క వేసుకున్నాడన్నమాట. ఇది జబ్బుమనిషి, సెలవు మీద పోతుంది, మందుల మత్తులో పడి ఉంటుంది, చూడదు అని. నా క్యాన్సర్ ఆయనకి కలిసొచ్చింది అక్కా. ఆ కన్నీళ్లు తలుచుకుంటే పెట్టెలవాడే నయమనిపిస్తుంది. వాడు నేరుగా అమ్మకానికే వచ్చాడు.

చెయ్యి కడుక్కోడానికి లేస్తే జోనెల్ వెనకే వచ్చాడు. మా జట్టులో నా తర్వాత వాడే, ముగ్గురు పిల్లల తండ్రి.

"అక్కా, నువ్వడిగింది విన్నా. అది పోలేదని నాకూ తెలుసు. ఆ గదిలో సగంమందికి తెలుసు."

"మరి చప్పట్లెందుకు కొట్టావురా?"

"అందరూ కొడుతుంటే నేనొక్కణ్ణీ చేతులు కట్టుకు కూర్చోనా? ఇప్పుడు లేచి ఆ మాటంటే ఆయన పరువు తీసినట్టవుతుంది. ఫాదర్ కూడా ఉన్నాడు. నోర్మూసుకుని తిను అక్కా."

"ఛీ."

"ఛీ అంటే అను గానీ, తోలు మాత్రం భలే కాలింది."

పక్కకు తిరిగి నవ్వేశాను. నవ్వినందుకు నా మీద నాకే రోత పుట్టింది. నా బల్ల దగ్గరికి వెళ్లి చూశాను. ఊహించినట్టే, అన్నిచోట్లా నడుస్తోంది. మేం విందు చేసుకుంటుండగానే బంతయాన్ దీవి నుంచి వచ్చిన ఒక జాలరి పేరు పెట్టెల కంపెనీకి పోయింది. చిన్నవాడు, ముప్పై కూడా దాటలేదు.

నిన్న సెలవు పెట్టి, జనం వివరాల గోప్యత చూసే సర్కారు కార్యాలయానికి వెళ్లాను. అటార్నీ లబ్రా అని ఒకావిడ అంతా విన్నది. మంచి మనిషి. మంచి మనిషే కాబట్టి ఆవిడ మాట ఇంకా బరువుగా తగిలింది.

"మీరు దాన్ని ముట్టుకోకండి. మేం వచ్చి చూసేసరికి అది నడుస్తూ ఉండాలి. మీరు తీసేస్తే, అసలు అలాంటిదే లేదంటారు వాళ్లు. అప్పుడు మీ మాట ఒకటి, వాళ్ల మాట ఒకటి మిగుల్తాయి."

"ఎప్పుడొస్తారు అటార్నీ?"

"పైనుంచి ఉత్తర్వు రావాలి. ఈస్టర్ దాటుతుంది."

"అందాకా జనానికి ఫోన్లు పోతూనే ఉంటాయి కదా?"

ఆవిడ పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసింది. "నాకేమన్నా ఇష్టమై చెప్తున్నానా?" అంది.

ఇదీ నా పరిస్థితి. వరస రాసి ఒక్క మీట నొక్కితే ఆ ప్రోగ్రాం అన్ని ఆసుపత్రుల్లోనూ పోతుంది. కానీ అది నడుస్తోందన్న రుజువు కూడా దాంతోపాటే పోతుంది. ఫిలెమోన్ సర్ కడిగిన ముత్యంలా తయారై, రేపు ఇంకో పేరుతో మళ్లీ పెడతాడు. అలాగని ఊరుకుంటే, ఈస్టర్ దాకా ఎంతమంది పూసో పొట్లం చేతిలో పట్టుకుని ఆ మాట వినాలో. నాకు తగిలిన దెబ్బ ఎలాంటిదో తెలిసి తెలిసి, అది ఇంకొకరికి తగులుతుంటే చూస్తూ కూర్చోవాలి. న్యాయం కోసమట! నువ్వైతే ఏం చేస్తావక్కా? నువ్వు జవాబు రాయలేవు. ఎప్పుడూ అంతే నువ్వు, నాకు నిజంగా అవసరమైనప్పుడు తలుపు మూసుకుంటావు. కోపంతోనే రాశాను, కొట్టెయ్యను. చదువుకో.

నీ మీద కూడా కాస్త కోపంగానే,
మెర్లీ

•

సెబూ,
పవిత్ర వారం, సోమవారం

నా బంగారు టెస్సింగ్ అక్కకు,

క్రితం ఉత్తరం చివర్లో అన్నమాటలు వెనక్కి తీసుకోను గానీ, ఆ కోపం మాత్రం ఇప్పుడు లేదు. జుట్టు ఊడుతోంది. నోట్లో ఎప్పుడూ ఇనుము రుచి. ఎండుచేప వాసనకే పరుగెత్తేదాన్ని, ఇప్పుడు ఆ వాసనొస్తే పరుగెత్తి పారిపోతున్నాను. ఆపరేషన్ ఈస్టర్ తర్వాతి వారం. డాక్టరమ్మ గడ్డ చిన్నదైందంది. ఈ కబురు ముందు చెప్పాలని చెప్పాను. ఇక అసలు సంగతి.

మందు ఎక్కించే గదిలో నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చునేది. అమ్మా అన్నట్టుగా నానాయ్ ఇసిదోరా అని అందరూ పిలుస్తారు. ఆవిడకి జబ్బేమిటో పిల్లలు చెప్పలేదు. బలానికి మందని తీసుకొస్తున్నారు. ఆవిడకీ అదే నమ్మకం. "ఎంత బలం ఎక్కించినా లేవలేకపోతున్నానేంటమ్మా?" అని నర్సులతో దెబ్బలాడుతుంది. ఆ రోజు కొడుకు కింద మందుల కొట్టుకి వెళ్లాడు. ఆవిడ ఫోన్ మోగింది. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, నా వైపు చాపింది.

"ఎవరో కుర్రాడు, పెట్టె అంటున్నాడు అమ్మాయీ. తెల్లగా ఉంటుందంట, లోపల మెత్త ఉంటుందంట. నా బట్టలెన్నని, నాకు పెట్టెందుకు? చూడు ఏమంటాడో."

ఫోన్ తీసుకున్నాను. ఈసారి ఆర్నెల్ కాదు, వేరే గొంతు. అదే పాట. తప్పు నంబరని పెట్టేశాను. "ఏమంటాడు?" అంది. "బట్టలు పెట్టుకునే పెట్టెలే నానాయ్, మహా ఖరీదు" అన్నాను. "అందుకే వద్దన్నా" అని నవ్వింది. ఫోన్ ఆవిడ ఒళ్లో పెట్టేశాను. రుజువూ లేదు, న్యాయమూ లేదు అనుకున్నాను. దాన్ని ఇంకొక్క పూట నడవనిస్తే నేను కూడా ఆ పెట్టెలమ్మే జట్టులో మనిషినే.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్లాను. సెలవులో ఉన్నదాన్ని, నెత్తికి గుడ్డ కట్టుకుని కనిపించేసరికి అందరూ పలకరింపుల మధ్య కళ్లు దించుకున్నారు. కూర్చుని, 'ప్రింటర్ సహాయకం ఏ సర్వర్‌లోనూ ఉండకూడదు' అని రాశాను. మా టూల్ భాషలో అది చాలా చిన్న వరస. కానీ నా ఒక్కదాని మాట చాలదు, ఇంకొకరు సరే అనాలి. జోనెల్‌ని పిలిచాను. వాడు తెర చూశాడు, నా నెత్తి గుడ్డ చూశాడు, ఆయన గది తలుపు చూశాడు. వాడి ముగ్గురు పిల్లలు నాకూ గుర్తున్నారు. వద్దన్నా ఏమీ అనకూడదని ముందే అనుకున్నాను.

"చీఫ్ అందరి ముందూ తీసేశానన్నాడు కదక్కా?" అన్నాడు.

"అన్నాడు."

"ఫాదర్ ముందు కూడా అన్నాడు."

"అన్నాడు."

"మరి తీసేసినదాన్ని మనం తీసేస్తే తప్పెట్లా అవుతుంది?" అని సరే నొక్కాడు. నొక్కి, "పంది తిన్నందుకు ఇది" అని వెళ్లిపోయాడు. ఆ క్షణం వాణ్ణి ముద్దు పెట్టుకుందామనిపించింది.

నడిపించాను. ఒక్కొక్క ఆసుపత్రి పేరూ తెర మీదికొచ్చి, పక్కన 'మారింది' అని పడుతూ పోయింది. ఓర్మోక్, తగ్బిలారన్, దుమగెటే, చివరికి మన ఊరు. ఇన్నేళ్లలో అదంత చక్కగా ఎప్పుడూ కనపడలేదు.

అప్పుడు తట్టింది. ఉన్న సర్వర్లలోంచి తీసెయ్యడమొక్కటే కాదు కదా నా పని. ఖాళీ సర్వర్‌ని అచ్చం ఆసుపత్రి సర్వర్‌లా తయారు చేయడం కూడా నా పనే. తుడిచేసిన వరసలు మా దగ్గర ఎక్కడికీ పోవు, ఎవరు ఎప్పుడు రాశారో ఆ పేరుతో సహా పాత రాతలో ఉంటాయి. వాటిని తెచ్చి, మూలన ఊరికే పడి ఉన్న ఒక సర్వర్ మీద నడిపించాను. ఆ దరిద్రపు ప్రోగ్రాం మళ్లీ లేచి కూర్చుంది. కానీ ఈ ఉత్తుత్తి ఆసుపత్రిలో డాక్టర్లు లేరు, మంచాలు లేవు, ఉన్నది ఒకే ఒక రోగి. మెర్లిండా కబాహుగ్. పేరు, వయసు, ఫోన్ నంబరు, ఫలితం అన్నీ నావే, అన్నీ నిజమే.

అటార్నీ లబ్రాకి ఫోన్ చేసి చెప్తే ముందు చడామడా తిట్టింది. ముట్టుకోవద్దన్నాను కదా అంది. తిట్టడం అయ్యాక, "అందులో మీ పేరు తప్ప ఇంకెవరి పేరూ లేదా? ఖాయమా?" అని అడిగింది. ఖాయమన్నాను. "మీ వివరాలు, మీ ఇష్టం. నడవనివ్వండి" అంది. ఆ రోజునుంచి రోజూ పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, సెలవు మానేసి ఆఫీసుకెళ్లి, నా క్యాన్సర్‌ని కొత్తగా నమోదు చేస్తున్నాను. ప్రోగ్రాం దాన్ని ఏరుకుని పట్టుకెళ్తుంది. మధ్యాహ్నానికి ఫోన్లు మొదలవుతాయి. మొదట్లో ఒళ్లు జలదరించేది. ఇప్పుడు మోగకపోతే దిగులు.

ఫిలెమోన్ సర్ అవస్థ నువ్వు చూడాలి! మొన్న నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆరోగ్యం అడిగాడు, జావ తాగమన్నాడు, నా నెత్తి గుడ్డ రంగు బాగుందన్నాడు. వెళ్లడు.

"ఏంటి సర్?"

"ఏం లేదు మెర్లీ. అదీ... ఆసుపత్రుల నుంచి బయటికి పోయేది ఈమధ్య ఏమన్నా తగ్గిందా?"

"ఏది సర్ బయటికి పోయేది?"

"అదే... మామూలుగా పోయేదే. భాగస్వాములెవరో అడుగుతున్నారు."

"ఏ భాగస్వాములు సర్? ఏం రావట్లేదంట వాళ్లకి?"

వెనకాల జోనెల్‌కి దగ్గు ముంచుకొచ్చింది. తీసేశానని ఫాదర్ ముందు చెప్పినదాన్ని బాగు చెయ్యమని ఎలా అడుగుతాడు? రుమాలుతో మెడ మీద చెమట తుడుచుకుని, "ఏం లేదులే, విశ్రాంతి తీసుకో" అని పోయాడు. జాలి పడతాననుకున్నాను. పడలేదు. ఆ రుమాలు చూస్తే ఆ రోజు దొంగ ఏడుపే గుర్తొచ్చింది. ఇంకో సంగతి, రాజీనామా చించేశాను. ఆయన వెళ్లేదాకా నేను వెళ్లను.

ఇవాళ మధ్యాహ్నం అటార్నీ లబ్రా గదిలో కూర్చున్నాం. ఫోన్ బల్ల మీద పెట్టి, గొంతు అందరికీ వినపడేలా ఉంచాం. పక్కన ఇంకో అధికారి రికార్డు చేసుకుంటున్నాడు. మోగింది.

"మేడమ్, మళ్లీ నేనేనండీ. ఆర్నెల్‌ని."

"చెప్పు ఆర్నెల్. నా నంబరు నీకెక్కణ్ణించి వచ్చింది?"

"ఆసుపత్రి నుంచే మేడమ్. ఏ ఆసుపత్రో మాకు చెప్పరు. రోజూ పొద్దున మా కంపెనీకి వచ్చేస్తాయి, మాకు పంచుతారు."

అటార్నీ రాసుకుంటోంది. ఆవిడ అడగమన్నవన్నీ అడిగాను. అతని కంపెనీ, పై అధికారి పేరు, ఎన్నాళ్లుగా వస్తున్నాయి, అన్నీ అమాయకంగా చెప్పేశాడు. ఇన్నాళ్లూ వాణ్ణి తిట్టుకున్నాను గానీ, వాడి గొంతు వింటే సరిగ్గా తిండి తిన్నట్టు కూడా లేదు. ఆఖర్న నేను అడగాలనుకున్నది అడిగాను.

"ఇవాళ ఇంకా ఎవరెవరి పేర్లు వచ్చాయి?"

వాడు గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాలంటే మేడమ్, ఇదివరకు రోజూ బోలెడు వచ్చేవండీ. ఈమధ్య మీ ఒక్కరి పేరే వస్తోంది. మా గదిలో అందరికీ మీ పేరే ఇస్తున్నారు. అందుకే అందరం మీకే చేస్తున్నామండీ. విసుక్కోకండి మేడమ్."

"ఇంకెవ్వరూ లేరా? సరిగ్గా చూసి చెప్పు."

"ఒక్కరు కూడా లేరు మేడమ్."

అటార్నీ రాయడం ఆపింది. నాకు ఏడుపొచ్చింది అక్కా. ఇన్నాళ్లలో మొదటిసారి, అదీ వాడి ముందు.

"మేడమ్? ఉన్నారా మేడమ్? పెట్టెయ్యమంటారా?"

"వద్దు ఆర్నెల్" అన్నాను. "చెయ్యండి. అందరూ నాకే చెయ్యండి."

నీ చెల్లెలు,
మెర్లిండా